ఫోటోలు పోలేదు, కలిసిపోయాయి

మా స్టూడియోలో పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, అన్నప్రాసనలు తీయించుకున్న వారందరికీ నమస్కారం.

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఈమధ్య ఒక మాట తిరుగుతోంది. గవర్నర్‌పేటలో ఫలానా స్టూడియో వాళ్ల దగ్గర పాత ఫోటోలన్నీ పోయాయట అని. ఆ ఫలానా వాళ్లం మేమే. ఎవరో చెబితే వినడం కన్నా మా నోటితోనే వినండి. ఫోటోలు దాదాపు అన్నీ ఉన్నాయి. వాటి పేర్లు, ఫోల్డర్లు పోయాయి. వీడియోలు కొన్ని నిజంగానే పోయాయి.

మీ ఫోటోలన్నీ దాచే మా సర్వర్ కంప్యూటర్ లినక్స్ మీద, అంటే విండోస్ లాంటిదే ఉచితంగా దొరికే సిస్టం మీద నడుస్తుంది. అందులో రెండు డిస్కులు. పగలు పని జరిగేది ఒకదాని మీద. రాత్రి ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం దాని కాపీని రెండోదానిలోకి తీస్తుంది. మెయిన్ డిస్కు మొరాయిస్తోందని మెయింటెనెన్స్ కాంట్రాక్టు వాళ్లకు చెప్పాం. వాళ్ల మనిషి వచ్చి, వారంటీలో మార్పిస్తానని దాన్ని విప్పి పట్టుకెళ్లాడు. దాని స్థానంలో ఖాళీ డిస్కు బిగించాడు. "బ్యాకప్ ఉందిగా సార్, రేపొచ్చి ఎక్కిస్తా" అన్నాడు. మరి రాత్రి కాపీ ఆపక్కర్లేదా అని అడిగాను. "దానిపాటికది నడుస్తుంది, మీకెందుకు టెన్షన్" అన్నాడు.

దానిపాటికది నడిచింది. వాళ్లే ఏర్పాటు చేసిన ఆ కమాండ్‌లో డిలీట్ అనే ఆప్షన్ ఉంది. మెయిన్ డిస్కులో లేనిదేదీ కాపీలోనూ ఉండకూడదని దాని అర్థం. ఆ రాత్రి మెయిన్ డిస్కులో ఏమీ లేదు. కాబట్టి కాపీలోనూ ఏమీ ఉంచలేదు. చదవడంలో ఏదైనా ఎర్రర్ వచ్చుంటే ఆర్‌సింక్ తుడవడం మానేసేది. ఖాళీగా ఉండడం ఎర్రర్ కాదు కదా! కమాండ్‌తో తుడిచినవి ట్రాష్‌లోకి కూడా వెళ్లవు. పాత డిస్కు అప్పటికే వారంటీ పార్సిల్లో వెళ్లిపోయింది, మళ్లీ మా చేతికి రాలేదు.

పొద్దున్నే ఆ మనిషే వచ్చి, తుడిచిపెట్టుకుపోయిన ఆ డిస్కులోనే రికవరీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తానన్నాడు. అక్కడ నేను కుర్చీ లాగేసుకున్నాను. కేబుల్ పీకేశాను. మీ ఫోటోలు మిగిలాయంటే ఆ పీకడం వల్లే. అది ఈఎక్స్‌టీ4 అనే, లినక్స్ ఫైళ్లను సర్దుకునే పద్ధతిలో ఉన్న డిస్కు. ఫైలు తుడిచినప్పుడు ఫోటో అక్కడికక్కడే చెరిగిపోదు. అది ఏయే చోట్ల ఉందో చెప్పే చిట్టా చెరిగిపోతుంది, ఆ చోటు ఖాళీ అని నమోదవుతుంది. దాని మీద కొత్తది రాసేదాకా పాతది అలాగే ఉంటుంది. అక్కడ మరో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఎవరి తలంబ్రాల మీద కూర్చునేదో! మాది తిరిగే హార్డ్ డిస్కు కావడం ఇంకో అదృష్టం. తిరిగే భాగాల్లేని ఎస్ఎస్‌డీ అయ్యుంటే, ఉబుంటు లాంటి లినక్స్ సిస్టంలు వారానికోసారి ట్రిమ్ అనే పని నడిపి ఖాళీ చోట్లేవో డిస్కుకు చెప్పేస్తాయి, డిస్కు వాటిని తుడిచేసుకుంటుంది. ఆ తర్వాత తీయడం దాదాపు అసాధ్యం.

లినక్స్ పెట్టుకుంటే ఇంతేనని నవ్విన పక్క షాపుల వారికి ఒక్క మాట. మాకు తిరిగి తెచ్చిపెట్టిన ప్రోగ్రాములన్నీ ఉచితంగా దొరికేవి, లినక్స్ మీద నడిచేవే. ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు వేరే డిస్కులోకి దింపాం. పనంతా ఆ కాపీ మీదే చేశాం. ఈఎక్స్‌టీ4మ్యాజిక్ అనేది డిస్కు జర్నల్‌ను, అంటే డిస్కు తనలో జరిగే మార్పులు రాసుకునే పుస్తకాన్ని చూసి పేర్లతో సహా తెస్తుంది. కానీ జర్నల్ చిన్నది, అంత భారీగా తుడిచేసరికి పాత రాతలు దానిలోనూ చాలావరకు పోయాయి. కొద్ది ఫోల్డర్లే వచ్చాయి. మిగతావి ఫోటోరెక్ అనే ప్రోగ్రాం తెచ్చింది. అది చిట్టాను చూడదు. డిస్కును మొదటి నుంచి చివరిదాకా చదువుతూ, జేపెగ్ ఫోటో ఎలా మొదలవుతుందో ఆ గుర్తును పట్టుకుని ఒక్కోటీ బయటికి లాగుతుంది. ఫోటో వస్తుంది, పేరు రాదు. ఎఫ్ అనే అక్షరం, పక్కన ఓ పెద్ద నంబరు, అంతే. మీ అమ్మాయి పెళ్లి, మీ వీధి చివర వాళ్ల గృహప్రవేశం ఒకే కుప్పలో పడ్డాయి.

ఫోటో లోపల తేదీ, కెమెరా వివరాలు ఉంటాయి కాబట్టి చాలావాటిని అలా విడదీశాం. కానీ మాఘమాసంలో ఒకే ముహూర్తానికి మా టీములు వేర్వేరు మండపాల్లో ఉంటాయి, కెమెరాలేమో అందరూ మార్చుకుంటూ ఉంటారు. అక్కడ తేదీ చూసి ఏమీ తేలదు.

మా అబ్బాయిదీ, ఎడిటర్లదీ ఒకటే మాట. తేలనివన్నీ ఒక లింకులో పెట్టి మీ అందరికీ పంపితే ఎవరివి వారు ఏరుకుంటారని. త్వరగా అయిపోయేది, నాకూ తెలుసు. సీజన్ మీదకొస్తుంటే మనుషుల్ని ఏరుడు పని మీద కూర్చోబెట్టి జీతాలివ్వడం ఎంత భారమో వాళ్లకన్నా నాకే బాగా తెలుసు. కొన్ని రాత్రులు సరే పంపేద్దామనే అనుకుని పడుకున్నాను. తెల్లారి ఆ కుప్ప తెరిచి చూస్తే చెయ్యి రాలేదు. మంగళస్నానాలున్నాయి. పెళ్లికూతురు ముస్తాబవుతున్న గది ఉంది. ఓణీ వేసుకున్న చిన్నపిల్లలున్నారు. తర్వాత విడిపోయిన జంటలున్నారు. ఇవి ఇంకో ఇంటివారికి చూపించమని మీరు మాకు ఇవ్వలేదు. "పాస్‌వర్డ్ పెడదాం నాన్నా" అన్నాడు మావాడు. అన్నీ కలిసిపోయాయనే కదరా గొడవ, పాస్‌వర్డ్ తీసి లోపలికొచ్చినవాడికి అందరివీ కనపడతాయి కదా అన్నాను. ఆ రోజు ఇద్దరం సరిగ్గా భోజనం కూడా చెయ్యలేదు.

ముఖాలు గుర్తుపట్టే ఆన్‌లైన్ సర్వీసుకు ఎక్కిద్దామన్నారు. అదీ వద్దన్నాను. డిజీకామ్ అని మన కంప్యూటర్లోనే ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్నే వాడుతున్నాం. బాసికం కట్టిన ముఖాన్నీ, రిసెప్షన్ మేకప్ వేసిన ముఖాన్నీ ఒకే మనిషిదని అది ఓ పట్టాన ఒప్పుకోదు. మా ఎడిటర్ మాత్రం చీర అంచు చూసి చెప్పేస్తున్నాడు. ఆలస్యమవుతోంది. మొండితనం అంటే అనండి, లింకు మాత్రం పంపను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, తడిసి ముద్దయిన ఆల్బములు పట్టుకుని మా దగ్గరికొచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్లకు ఆ డిస్కులోంచే మళ్లీ ప్రింట్లు వేసి ఇచ్చాం. "మీ దగ్గర ఉంటే మా ఇంట్లో ఉన్నట్టే" అన్నారొకావిడ. ఇప్పుడీ బజారు మాట అందుకే గుచ్చుకుంటోంది. ముందుగా ఆ కుటుంబాలవే వేరు చేసి పెట్టాం.

ఇప్పుడు తయారీలో ఉన్న ఆల్బములకు ఏమీ కాలేదు. ఆల్బం మీ చేతికి ఇచ్చేదాకా మెమరీ కార్డులు ఫార్మాట్ చేయం. పాత ఆల్బం డిజైన్ ఫైళ్లు కొన్ని తెరుచుకోవడం లేదు, రీప్రింట్ కావాలంటే కొత్తగా డిజైన్ చేసిస్తాం, దానికి డబ్బులు తీసుకోం. పెద్ద వీడియోలు డిస్కులో ముక్కలుముక్కలుగా ఉండడం వల్ల చాలావరకు ప్లే కావడం లేదు. మేమిచ్చిన పెన్‌డ్రైవ్ మీ బీరువాలో ఉంటే తెండి, కాపీ చేసుకుని మీది మీకిచ్చేస్తాం. అదీ లేకపోతే వీడియోకు తీసుకున్న డబ్బు వెనక్కిస్తాం. బిల్లు అక్కర్లేదు, మా రిజిస్టర్‌లో ఉంది.

ఇకపై మెయిన్ డిస్కులో మేం పెట్టిన గుర్తు ఫైలు కనిపిస్తేనే రాత్రి కాపీ మొదలవుతుంది. ఒక్కసారే ఎక్కువ ఫైళ్లు తుడవకుండా హద్దు కూడా పెట్టాం. మూడో డిస్కు ఏ వైరూ తగలకుండా మా ఇంట్లో ఉంటుంది. కాంట్రాక్టు వాళ్లు రెన్యువల్ బిల్లు పంపారు. వచ్చిన కవరు వచ్చినట్టే తిప్పి పంపాను.

మీ ఫోటోలు చూసుకోవాలంటే మధ్యాహ్నం పూట షాపుకు రండి, శుభలేఖ ఉంటే తెచ్చుకోండి. ఒకసారికి ఒక కుటుంబాన్నే స్క్రీన్ ముందు కూర్చోబెడతాం, తేదీని బట్టి మీవనిపించినవే తెరుస్తాం. ఆదివారాలూ తీసే ఉంటుంది. ముహూర్తాలున్న రోజుల్లో మాత్రం ఫోన్ చేసి రండి, ఆ రోజు ఎడిటర్లు కూడా పెళ్లిలోనే ఉంటారు.