తొమ్మిదో పాట లేని ఆల్బమ్

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాశ్చాత్య పాప్ గాయకుల బాక్స్ సెట్ల మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. నెలకు కొద్దిపాటి చందా కడితే ప్రపంచంలోని పాటలన్నీ ఫోనులోనే వినిపిస్తున్న ఈ రోజుల్లో, ఎప్పుడో విన్న ఆల్బమ్‌లనే అట్టపెట్టెలో సర్ది వేల రూపాయలకు అమ్మడం ముసలి అభిమానుల జ్ఞాపకాల మీద చేస్తున్న వ్యాపారమని వ్యాసకర్త తేల్చిచెప్పారు. అలాంటి వ్యాపారం లేదని నేను అనను. అయితే ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో కెనడా గాయని, గీతరచయిత్రి జోనీ మిచెల్ పేరు కూడా కనబడడంతో ఈ ఉత్తరం రాయక తప్పింది కాదు. నలభై ఏళ్లుగా ఆమె పాటలు వింటున్నాను. 2020 నుంచి వరుసగా వెలువడుతున్న ఆమె బాక్స్ సెట్లను కొని, మొదటి సీడీ నుంచి చివరి సీడీ దాకా విన్నాను. వాటిని పాత సరుకు అనడం అన్యాయం.

నేను ఆమె పాటలు మొదట విన్నది క్యాసెట్ మీద. కెనడాలో చదువుకుంటున్న మా పెద్దమ్మ కొడుకు 1984లో సెలవులకు విశాఖపట్నం వచ్చినప్పుడు, తొంభై నిమిషాల క్యాసెట్ మీద ఒకవైపు 'కోర్ట్ అండ్ స్పార్క్', రెండో వైపు 'హెజీరా' ఎక్కించి తెచ్చాడు. లోపలి అట్ట మీద నీలం సిరాతో పాటల పేర్లు వరుసగా రాసి ఉన్నాయి. రెండో వైపు ఎనిమిది పేర్లు ఉండేవి, చివరిది 'బ్లూ మోటెల్ రూమ్'. టేపు ఎన్నిసార్లు చిక్కుపడినా పెన్సిల్‌తో తిప్పి సరిచేసుకుంటూ ఆ ఎనిమిది పాటలనూ ఇరవై ఎనిమిదేళ్లు విన్నాను. 1968 నుంచి 1979 వరకు ఆమె చేసిన స్టూడియో ఆల్బమ్‌లన్నీ కలిపి 2012లో పది సీడీల పెట్టెగా వస్తే, మా మేనకోడలు టొరాంటో నుంచి పంపింది. 'హెజీరా' సీడీ పెట్టుకొని విన్నాను. 'బ్లూ మోటెల్ రూమ్' అయిపోయింది. ఇక లేచి ఆపేద్దామనుకుంటుండగా నేను ఎన్నడూ వినని పాట ఒకటి మొదలైంది. ఆ ఆల్బమ్ నిడివి దాదాపు 52 నిమిషాలు, క్యాసెట్‌లో ఒక వైపు పట్టేది 45 నిమిషాలు. తొమ్మిదోది, చివరిది అయిన 'రెఫ్యూజ్ ఆఫ్ ది రోడ్స్' ఆ టేపులో పట్టక మిగిలిపోయింది.

ఒక పాట తగ్గితే ఏమైందని అడగవచ్చు. 1976లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి కాలిఫోర్నియా దాకా ఆమె ఒంటరిగా కారు నడుపుకుంటూ వచ్చినప్పటి పాటలే ఆ ఆల్బమ్‌లో ఎక్కువ. ఎనిమిది పాటల పొడవునా రోడ్లూ, మోటెల్ గదులూ, ఆకాశంలో విమానాలు గీసిన తెల్లని గీతలూ కనబడతాయి. తొమ్మిదో పాట చివరికి వచ్చేసరికి ఆమె ఒక పెట్రోల్ బంకులో క్యాలెండరు మీది భూగోళం బొమ్మ చూస్తుంది. చంద్రుడి వైపు నుంచి తీసిన ఆ ఫొటోలో ఊళ్లూ, అడవులూ, ఇన్నాళ్లూ తాను కారు నడుపుకొచ్చిన రహదారీ కనబడవు, తాను అసలే కనబడదు. ప్రయాణమంతా అక్కడికి చేరడానికే జరిగింది. ఆ పాట వినకుండా 'హెజీరా' నాకు తెలుసని ఇరవై ఎనిమిదేళ్లు చెప్పుకున్నాను. ఘంటసాల వారు కన్నుమూశాక విడుదలైన భగవద్గీత రికార్డును మన ఇళ్లలో ఎవరూ ముక్కలు చేసి వినరు. ఏ శ్లోకం తరువాత ఏ శ్లోకం వస్తుందో, ఎక్కడ గొంతు తగ్గించి తాత్పర్యం చెబుతారో పిల్లలకు కూడా తెలుసు. పాశ్చాత్య గాయకుల మంచి ఆల్బమ్‌ను కూడా ఆ వరుసలోనే, ఆ నిండుదనంతోనే వినాలి.

స్ట్రీమింగ్‌లో తొమ్మిది పాటలూ ఉన్నాయి గదా అని వ్యాసకర్త అనవచ్చు. నిజమే, ఇప్పుడు ఉన్నాయి. కాని 2022 జనవరిలో, కోవిడ్ టీకాల మీద అసత్యాలు ప్రచారం చేస్తున్న కార్యక్రమానికి చోటిచ్చారన్న అభ్యంతరంతో కెనడాకే చెందిన గాయకుడు నీల్ యంగ్ స్ట్రీమింగ్ సంస్థ స్పాటిఫై నుంచి తన పాటలు తీసివేయించినప్పుడు, జోనీ కూడా ఆయన పక్షాన నిలిచి తన పాటలను ఉపసంహరించుకున్నారు. 2024 మార్చిలో గాని అవి తిరిగి రాలేదు. ఆమె నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. ఆ రెండేళ్లూ చందా కడుతున్నవారికి మాత్రం అక్కడ 'బ్లూ' లేదు, 'హెజీరా' లేదు. మా అలమారలోని పెట్టె ఉన్నచోటనే ఉంది.

ఇక 'ఆర్కైవ్స్' పేరుతో వచ్చిన సంపుటాల విషయం. 1963 నుంచి 1967 వరకు ఉన్న మొదటి సంపుటం 2020 అక్టోబరులో ఐదు సీడీలుగా వచ్చింది, చారిత్రక ఆల్బమ్ విభాగంలో 2022లో గ్రామీ అవార్డు పొందింది. అందులోని మొట్టమొదటి రికార్డింగులు కెనడాలోని సాస్కటూన్ పట్టణపు ఒక స్థానిక రేడియో స్టేషన్‌వి. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా సరిగా నిండలేదు, సొంత పాట ఒక్కటీ లేదు, నలుగురూ పాడే జానపద గీతాలనే ఉకులేలే అనే చిన్న నాలుగు తీగల వాద్యం మీటుతూ పాడుతోంది. తనను జానపద గాయని అంటే దశాబ్దాల తరబడి చిరాకుపడిన మనిషి, ఈ టేపులు మళ్లీ విన్నాక తన తొలినాళ్లను క్షమించగలిగానని పెట్టెలోని బుక్‌లెట్‌లో సినీ దర్శకుడు కామెరన్ క్రోతో చెప్పుకున్నారు. అదే సంపుటంలో ముందుకు పోతే, 1967 నాటికి గిటారు తీగల శ్రుతిని పాటకో రకంగా మార్చుకుంటూ పాడే జోనీ వినిపిస్తుంది. తొమ్మిదో ఏట వచ్చిన పోలియో వల్ల ఎడమ చేతిలో బలం తగ్గి, మామూలు పట్లు పట్టడం కష్టమై, తీగలనే తన చేతికి అనువుగా శ్రుతి చేసుకునే మార్గం ఆమె పట్టింది. పాటకూ పాటకూ నడుమ తీగలు సవరించుకుంటూ శ్రోతలతో చెప్పే కబుర్లను కూడా తీసివేయకుండా ఉంచారు. కచేరీకి ముందు విద్వాంసులు శ్రుతి చూసుకునే ఆ కాసేపు ఎంత ఇష్టంగా వింటామో మన వాళ్లకు చెప్పనక్కరలేదు.

రెండో సంపుటంలోని ఒక టేపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1968 మార్చి 19 రాత్రి ఒట్టావాలో ప్రసిద్ధ రాక్ గిటారు వాద్యకారుడు జిమీ హెండ్రిక్స్ తన కచేరీ ముగించుకొని, తన టేపు రికార్డరు పట్టుకొని 'లె హిబూ' అనే కాఫీహౌస్‌కు వెళ్లి, అక్కడ పాడుతున్న జోనీని స్వయంగా రికార్డు చేశాడు. అప్పటికి ఆమె మొదటి ఆల్బమ్ ఇంకా దుకాణాల్లోకి రాలేదు. కొద్ది రోజులకే ఆ టేపు దొంగతనానికి గురైంది. ఎన్నో దశాబ్దాల తరువాత, కెనడా జాతీయ గ్రంథాలయానికి చేరిన ఒక వ్యక్తిగత సేకరణలో అది బయటపడి, తిరిగి ఆమె చేతికి వచ్చింది. ఈ పాటలు కూడా ఇప్పుడు ఫోనులో వినవచ్చు, కాదనను. కాని ఎవరు, ఏ రాత్రి, ఎక్కడ మైకు పెట్టి దీన్ని పట్టుకున్నారో తెలియకుండా వింటే, అది కాస్త గరగరగా వినబడే పాత కచేరీ మాత్రమే. ఆ సంగతి చెప్పేది పెట్టెలోని పుస్తకమే. రికార్డు అట్ట మీద పాట పేరు తప్ప వాద్యకారుల పేర్లు ఏనాడూ సరిగా చూడని మనకు, ఏ పాటలో బేస్ గిటారు జాకో పాస్టోరియస్‌దో, ఏ టేపు ఎవరి ఇంట్లో రికార్డయిందో వివరంగా అచ్చువేసిన పుటలు తిప్పుతుంటే కలిగే ఆనందం వేరు.

గాయకుల జీవితకాలపు కృషిని వరుసగా వినడం వల్ల కలిగే లాభం ఏమిటో ఒక్క పాటతో చెబుతాను. 'బోత్ సైడ్స్ నౌ' ఆమె ఇరవై మూడేళ్ల వయసులో రాసినది. ఆర్కైవ్స్ మొదటి సంపుటంలో 1967 నాటి గొంతుతో ఆ పాట ఉంది. గిటారు చకచకా నడుస్తుంది, గొంతు పై స్థాయిలో పక్షిలా తిరుగుతుంది. 1969లో 'క్లౌడ్స్' ఆల్బమ్ చివర అదే పాట కొంచెం నిదానించింది. 2000 సంవత్సరంలో పెద్ద వాద్యబృందంతో మళ్లీ పాడేసరికి ఆమెకు యాభై ఆరేళ్లు. గొంతు బాగా కిందికి దిగి బరువెక్కింది. ప్రేమనూ జీవితాన్నీ రెండు వైపుల నుంచీ చూశానని ఇరవై మూడేళ్ల పిల్ల పాడినప్పుడు అది తెలివైన మాటగా వినిపించింది. ఇక్కడ అదే మాటను చూసివచ్చిన మనిషి చెబుతోంది. 2015లో మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లి, మాటనూ నడకనూ మళ్లీ నేర్చుకోవలసివచ్చిన తరువాత, 2022 జూలైలో అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో కుర్చీలో కూర్చొని మళ్లీ అదే పాట పాడారు. ఈ నాలుగింటినీ ఒక సాయంత్రం వరుసగా వినండి. హిట్ పాటల సంకలనం ఈ పని చేయలేదు, ఎందుకంటే దానికి వీటిలో ఒక్కటి చాలు. 1996లో రికార్డు కంపెనీ హిట్ల సంకలనం వేస్తామంటే, ఎవరూ పట్టించుకోని పాటలతో 'మిసెస్' (హిట్ కానివి అని అర్థం) అనే రెండో ఆల్బమ్ కూడా వేయాలని ఆమె షరతు పెట్టి సాధించుకున్నారు. తన పాటలన్నీ వినాలన్న ఆ పట్టుదలే ఈ పెట్టెలకు మూలమని నా నమ్మకం.

నాకు అభ్యంతరాలు లేవని కాదు. 1968 నాటి తొలి ఆల్బమ్ 'సాంగ్ టు ఎ సీగల్' నిర్మాత డేవిడ్ క్రాస్బీ, ఆమెను పియానో ముందు పాడించి ఆ తీగల ప్రతిధ్వనిని కూడా పట్టుకోవాలని అదనపు మైకులు పెట్టారు. టేపులో చేరిన బుసబుస శబ్దాన్ని తరువాత తీసివేయబోతే, దానితోపాటు గొంతులోని మెరుపు కూడా పోయింది. ఏదో గిన్నె బోర్లించి దాని కింద రికార్డు చేసినట్టుందని ఆమె ఏళ్ల తరబడి బాధపడ్డారు. 2021లో 'ది రిప్రైజ్ ఆల్బమ్స్' పెట్టె వచ్చినప్పుడు ఆ ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయించారు. కొత్త మిక్స్‌లో గొంతు మన గదిలోకి వచ్చింది, సందేహం లేదు. అయినా యాభై మూడేళ్ల పాటు జనం విన్న పాత మిక్స్‌ను కూడా ఒక సీడీగా పక్కన పెట్టవలసింది. అలాగే 1977 నాటి 'డాన్ జువాన్స్ రెక్‌లెస్ డాటర్' అట్ట మీద ఆమె నల్లజాతి పురుషుడి వేషంలో, ముఖానికి నల్లరంగు పూసుకొని కనిపించేవారు. 2024లో ఆ ఆల్బమ్‌ను మళ్లీ వేసిన పెట్టెలో ఆ అట్టను మార్చేశారు. ఆ వేషం తప్పే, కొత్తగా కొనేవారి ముందు ఆ బొమ్మ పెట్టకపోవడం సబబే. కాని జీవితకాలపు కృషిని భద్రపరిచే పెట్టెలో ఏ మార్పు చేసినా, ఏది, ఎప్పుడు, ఎందుకు మార్చామో కొన్నవారికి అచ్చులో చెప్పాలి. కళాకారులకు తమ పనిని దిద్దుకునే హక్కు ఉంది, దిద్దినచోటు తెలుసుకునే హక్కు శ్రోతలకూ ఉంది.

ధర సంగతికి వస్తే, వ్యాసకర్తతో నేను ఏకీభవిస్తాను. విదేశం నుంచి తెప్పించుకుంటే రవాణా, సుంకం కలిసి ఒక్కో పెట్టె పింఛనుదారు నెల బడ్జెట్‌ను తలకిందులు చేస్తుంది. అందుకే మేము ముగ్గురు మిత్రులం చందాలు వేసుకొని కొంటున్నాం. పెట్టె ఒక్కో ఇంట్లో నెల రోజులు ఉంటుంది. బుక్‌లెట్ పుటలు మడవకూడదు, సీడీని అంచు పట్టుకొనే తీయాలి అన్నవి మా నియమాలు. మూడో నెల తిరిగేసరికి ముగ్గురమూ కూర్చొని మాట్లాడుకుంటాం. 'మింగస్' ఆల్బమ్ పూర్తికాకముందే, 1979 జనవరిలో జాజ్ స్వరకర్త చార్లెస్ మింగస్ మరణించారు. ఆయన స్వరాలకు ఆమె రాసిన మాటలు ఎంతవరకు అతికాయన్న విషయం మీద మా మధ్య వాదన ఇప్పటికీ తెగలేదు.

ఆర్కైవ్స్ నాలుగో సంపుటం 2024 అక్టోబరులో ఆరు సీడీలతో వచ్చి, 1980 దగ్గర ఆగింది. ఆ తరువాత 1982 నుంచి 2007 వరకు ఆమె చేసిన స్టూడియో ఆల్బమ్‌లు తొమ్మిది. వాటిలో 1980ల నాటివాటిని విమర్శకులు ఆనాడు చాలావరకు తీసిపారేశారు. ఆ కాలపు టేపులు ఇదే శ్రద్ధతో బయటికి వస్తే, ఆ తీర్పు సరైనదో కాదో అప్పుడు తేలుతుంది. ఆ టేపుల సంపుటం వచ్చిన రోజున మీ పత్రిక దాని గురించి తప్పకుండా రాయాలని, రాసేవారు ధర చూసి ఊరుకోకుండా ముందు అన్ని సీడీలూ వినాలని కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు, విశాఖపట్నం