మా ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా చూసిన చర్చి వాళ్లకు

అందరికీ నమస్కారం. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది. మొదట సిగ్గు, తర్వాత పాపతో తీరిక లేకపోవడం. చెప్పకుండా ఊరుకుంటే మాత్రం తప్పు చేసినదాన్ని అవుతాను.

మేం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. 2024లో మా ఇద్దరికీ, బాబుకీ ఐఎల్‌ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది. అప్పట్లో దాని ఫీజే మనిషికి 2,885 పౌండ్లు. ముగ్గురికీ కట్టేసరికి దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది. తర్వాత పాప పుట్టింది, నేను పని మానేశాను. 2025 జనవరిలో మా ఆయన పనిచేసే చోటు మూతపడింది.

ఆదాయం తక్కువున్న వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌కు అప్లై చేశాం. మొదటి డబ్బు చేతికందడానికి ఐదు వారాలు పడుతుంది. అది ఎవరో ఆలస్యం చేయడం వల్ల కాదు, రూలే అంత. నెల రోజుల్లో మీకు వచ్చిన ఆదాయం చూసి, ఇంకో వారం తర్వాత డబ్బు వేస్తారు. మా ఆయన చివరి జీతం, వాడుకోని సెలవుల డబ్బు సరిగ్గా ఆ నెలలోనే పడ్డాయి. పడ్డ రోజే అద్దెకు, ముందే డబ్బు వేసుకోవాల్సిన కరెంటు మీటర్‌కు పోయాయి. లెక్కలో మాత్రం అవి ఆదాయమే. అందుకే ఐదు వారాలు ఎదురు చూశాక వచ్చింది కూడా చాలా కొద్దిగా. ముందుగా అడ్వాన్స్ ఇస్తారు గానీ అదీ అప్పే, తర్వాత నెలనెలా కోసుకుంటారు. మేం తీసుకున్నాం, అది అద్దెకే సరిపోయింది.

ఫిబ్రవరిలో స్కూలుకు వారం సెలవులిచ్చారు. మామూలు రోజుల్లో బాబుకు మధ్యాహ్నం స్కూల్లో ఉచితంగా భోజనం పెడతారు, ఆ వారం అదీ లేదు. బియ్యం డబ్బాలో గ్లాసు ముంచితే అడుగు గీసుకున్న చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. గుంటూరులో అమ్మ ఫోన్ చేసి ఏం వండావే అంటే పప్పు, వేపుడు అని చెప్పాను. ఇక్కడున్న మనవాళ్లకు కూడా ఒక్క ముక్క చెప్పలేదు. లండన్ వెళ్లారు, బాగా సంపాదిస్తున్నారు అనుకునే వాళ్ల ముందు నోరు ఎలా వస్తుంది?

బాబు స్కూల్లో ఒక మేడమ్ సెలవులకు ముందే ఏదో కనిపెట్టి, ఫుడ్ బ్యాంక్ వోచర్ ఇచ్చారు. అది చూపిస్తే ఇబ్బందిలో ఉన్నవాళ్లకు ఉచితంగా సరుకులిస్తారు. దగ్గర్లోని చర్చి హాల్లో వారానికి రెండు రోజులు ఇస్తారట. మా ఆయన గేటు దాకా వచ్చి ఆగిపోయారు. "నువ్వెళ్లు, నేనిక్కడే ఉంటా" అన్నారు. చలిలో ఆయన అలా నిలబడి ఉంటే లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చి, ఏమీ అడగకుండా, టీ వేడిగా ఉంది రండి అని ఇద్దరినీ తీసుకెళ్లింది.

ఆ తర్వాతే అసలు ఆశ్చర్యపోయాను. నేను సంచి చేతికిచ్చి పంపేస్తారనుకున్నాను. ఆవిడ మా ఎదురుగా కూర్చుని, చేతిలోని కాగితం మీద ఒక్కొక్కటే టిక్ పెట్టుకుంటూ వచ్చింది. మీటర్‌లో డబ్బులున్నాయా? డబ్బాల మూత తీసేది ఉందా? పాపకు ఏ సైజు డైపర్లు? మాంసం తింటారా? మా సంచిలోంచి మాంసం డబ్బాలు తీసేసి చిక్కుడు గింజలు, టమాటా డబ్బాలు, బియ్యం పెట్టింది. మీ ఇంట్లో రోజూ ఏం వండుకుంటారని అడిగింది. నేను పప్పు గురించి చెప్పాను. రెండోసారి వెళ్లేసరికి మా సంచిలో రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్, చింతపండు ఉన్నాయి. ఇండియన్ షాపు ఎక్కడుందో కనుక్కుని, తన డబ్బుతో కొనుక్కొచ్చిందట. ఆ రాత్రి పప్పుచారు పెడితే మా వాడు మూడుసార్లు వేయించుకున్నాడు. ఇప్పుడు వాడికి ఆవిడ చర్చి నానమ్మ.

మేం హిందువులం. ఎవరూ మా మతం అడగలేదు. మీ కోసం ప్రార్థన చేయమంటారా అని ఆవిడ ఒక్కసారి అడిగింది. మా దేవుడికి నేను మొక్కుకుంటున్నాను అంటే, మంచిది అని నా చేయి గట్టిగా పట్టుకుంది.

అదే హాల్లో మూల బల్ల దగ్గర ఒక రిటైర్డ్ పెద్దాయన కూర్చుంటారు. మా కాగితాలన్నీ ఓపిగ్గా చదివారు. పాపకు ఏడాది నిండేదాకా హెల్తీ స్టార్ట్ అనే ప్రభుత్వ కార్డులో వారానికి (అప్పట్లో) 8.50 పౌండ్లు వస్తాయని, పాలకూ పండ్లకూ వాడుకోవచ్చని మాకు తెలియదు. ఇంటి మీద స్థానిక కౌన్సిల్ వేసే పన్ను, కౌన్సిల్ టాక్స్, తగ్గించమని అడగొచ్చనీ తెలియదు. రెండు ఫారాలూ ఆయనే పక్కన కూర్చుని నింపించారు. అన్నిటికంటే నా గుండెకు తగిలింది ఆయన అన్న మాట. "ఇది మీ తప్పు కాదు. ఈ ఐదు వారాల ఖాళీ ఉన్నంతకాలం మా హాలు నిండుతూనే ఉంటుంది." ఈ రూలు మార్చమని ఆ చర్చి వాళ్లు తమ ఎంపీకి ఉత్తరాలు రాస్తున్నారు. అన్నం పెట్టి ఊరుకోకుండా, అన్నం లేకుండా ఎందుకు పోయిందని కూడా అడుగుతున్నారు. నేను ఎక్కువగా దండం పెట్టేది ఇందుకే.

ఇది ఒక్క చర్చి సంగతి కాదని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ ఊళ్లో ఒక తల్లి తన పిల్లలు ఆకలితో పడుకుంటున్నారని చెబితే, 2000లో ఒక క్రైస్తవ దంపతులు మొదలుపెట్టిన పని నేటి ట్రస్సెల్ అనే ఛారిటీ ఫుడ్ బ్యాంకులుగా పెరిగింది. 2023-24లో వాళ్లు ఇచ్చిన పార్సిళ్లు 31 లక్షలు. అప్పుల్లో మునిగిన వాళ్లకు ఉచితంగా సాయం చేసే క్రిస్టియన్స్ అగైనెస్ట్ పావర్టీ అనే సంస్థ 1996లో బ్రాడ్‌ఫర్డ్‌లో మొదలైంది. 2014లో 27 మంది ఆంగ్లికన్ బిషప్‌లు (చర్చి పెద్దలు) ఆకలి గురించి ప్రభుత్వాన్ని నిలదీస్తూ పత్రికకు బహిరంగ లేఖ రాశారు. ఇంత గొప్ప దేశంలో 31 లక్షల పార్సిళ్లు ఎందుకు అవసరమయ్యాయో తలుచుకుంటే నాకు కోపమే వస్తుంది.

మా ఆయనకు ఏప్రిల్‌లో పని దొరికింది. అడ్వాన్స్ ఇంకా తీరుతూనే ఉంది. పర్లేదు, తీరుతుంది.

ఇక్కడ ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. ఇబ్బందిలో ఉంటే స్కూల్లోనో, డాక్టర్ దగ్గరో, ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థలోనో ఫుడ్ బ్యాంక్ వోచర్ గురించి అడగండి. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు వీసాకు దెబ్బ తగులుతుందేమో అని టెన్షన్ పడుతుంటారు. ఫుడ్ బ్యాంక్ ఛారిటీ సాయం, ప్రభుత్వ బెనిఫిట్ కాదు. తీసుకుంటే వీసా షరతు తప్పినట్టు కాదు. మాలాగా డబ్బా అడుగు కనిపించేదాకా ఆగకండి.

టీ ఇచ్చి లోపలికి పిలిచిన అమ్మకు, బల్ల దగ్గరి పెద్దాయనకు, సంచులు మోసి బస్‌స్టాప్ దాకా వచ్చిన ఆ కుర్రాడికి, వోచర్ ఇచ్చిన మేడమ్‌కు మా నలుగురి తరఫున చేతులెత్తి నమస్కారం. ఈ పోస్టును ఇంగ్లిష్‌లో చదివి వినిపించడానికి వచ్చే మంగళవారం హాలుకు వస్తున్నాం. మా ఆయన ఈసారి గేటు దగ్గర ఆగరు.