మాత్రలో మందెంత, పిండెంత

బుజ్జీ,

రెండు డబ్బాల ఫోటోలూ చూశాను. రెండింటి మీదా క్యామ్డెన్ మాత్రలనే ఉంది, వైన్ పాడవకుండా వేసేవి. వెనక్కి తిప్పితే ఒకదాని మీద పొటాషియం మెటాబైసల్ఫైట్, ఇంకోదాని మీద సోడియం మెటాబైసల్ఫైట్. ఏది వేసినా ఒకటేనా అని అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం నీకు గుర్తుండదు, సగం చెప్పడం నేనే మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను. ఉద్యోగమంతా మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో గడిపినవాణ్ణి కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిక పట్టు. "దానికి అన్నం వండడానికి బద్ధకం గానీ వైన్ చేస్తోందా" అని అమ్మ పక్కనుంచి అంటోంది. అదీ రాయమంది, రాశాను.

క్యామ్డెన్ అనేది ఏ పదార్థం పేరూ కాదు, ఊరి పేరు. ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్‌లో చిప్పింగ్ క్యామ్డెన్ అని ఉంది. పండ్లూ కూరగాయలూ నిల్వ చేయడం మీద పరిశోధన చేసే కేంద్రం అక్కడ ఉండేది. 1920లలో వాళ్ళు ఒక ద్రావణం తయారుచేస్తే, బూట్స్ కంపెనీ దాన్ని మాత్రగా మార్చింది. ఆ పేరే స్థిరపడిపోయింది. అందుకని డబ్బా ముందు వైపు చూస్తే లోపల ఏముందో తెలియదు. వెనక చూడాల్సినవి మూడు: ఏ లవణం, ఒక్కో మాత్రలో అది ఎన్ని గ్రాములు, దానితో పాటు ఇంకేం కలిపారు. రెసిపీల్లో "ఒక మాత్ర వేయండి" అని రాసేస్తారు చూడు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. మాత్ర కొలత కాదు. మాత్రలో ఉన్న మందు బరువే కొలత.

ముందు లవణం సంగతి. రెండూ చేసే పని ఒకటే. పులుపున్న రసంలో కరిగి సల్ఫర్ డయాక్సైడ్ ఇస్తాయి. సూక్ష్మజీవులను అదుపుచేసే అసలు పనిమంతురాలు ఆ వాయువే, మెటాబైసల్ఫైట్ దాన్ని మోసుకొచ్చే బండి మాత్రమే. కాకపోతే రెండు బళ్ళూ మోసే బరువు వేరు. పొటాషియం పరమాణువు బరువెక్కువ కాబట్టి పొటాషియం మెటాబైసల్ఫైట్‌లో బరువు ప్రకారం 57.6 శాతం సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, సోడియం దాంట్లో 67.4 శాతం. ఇది పుస్తకం లెక్క. డబ్బా తెరిచి పాతబడినదైతే ఇంతకంటే తగ్గుతుంది.

చాలా క్యామ్డెన్ మాత్రల్లో లవణం 0.44 గ్రాములు ఉంటుంది. నీ దగ్గరున్న జాడీ నాలుగున్నర లీటర్లది కదా. అందులో పొటాషియం మాత్ర ఒకటి వేస్తే లీటరుకు దాదాపు 56 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్, సోడియం మాత్ర ఒకటి వేస్తే దాదాపు 66 మిల్లీగ్రాములు. అదే మాత్రను అమెరికన్ గ్యాలన్‌లో, అంటే 3.8 లీటర్లలో వేస్తే పొటాషియంది కూడా 67 దాకా వెళ్తుంది. నాలుగున్నర లీటర్ల బ్రిటిష్ గ్యాలనూ అమెరికన్ గ్యాలనూ ఒకటి కాదన్న సంగతి రెసిపీ రాసేవాళ్ళు చెప్పరు. చదివేవాళ్ళకు తట్టదు. ఒక మాత్ర దగ్గర ఈ తేడా పెద్దగా కనపడదు గానీ, వడకట్టిన ప్రతిసారీ ఒకటి, సీసాల్లో నింపేముందు ఒకటి అని వేసుకుంటూ పోతే మొత్తం ఎంతయిందో నీకే తెలియకుండా పోతుంది.

సోడియం ఒంటికి మంచిది కాదంటారుగా అని అడుగుతావని తెలుసు. ఆ 0.44 గ్రాముల్లో సోడియం నూట ఆరు మిల్లీగ్రాములు, అదీ జాడీ మొత్తానికి. లీటరుకు పాతిక కూడా లేదు. బీపీ ఉన్నవాళ్ళు కూడా దీనికి భయపడక్కర్లేదు. అయినా వైన్‌లో వేయడానికి పొటాషియందే తీసుకో. ద్రాక్షరసంలో పొటాషియం ఎలాగూ లీటరుకు వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఇంకో ముప్ఫై నాలుగు కలిస్తే తేడా తెలియదు. సోడియం డబ్బాను పారేయకు, సీసాలూ పైపులూ కడిగాక శానిటైజ్ చేయడానికి వాడుకో. ముందు శుభ్రంగా కడగాలి సుమా, మురికి పట్టిన సీసాలో ఈ నీళ్ళు తిప్పితే ఉపయోగం లేదు. బ్లీచింగ్ ద్రావణంతో మాత్రం ఎప్పుడూ కలపకు.

ఇక నాకు బాగా తెలిసిన భాగం. మెటాబైసల్ఫైట్ పొడిని అలాగే తీసుకొచ్చి మెషీన్‌లో పోస్తే మంచి మాత్ర రాదు. పొడి డైలోకి, అంటే మాత్ర అచ్చులోకి, సమంగా జారదు. నొక్కితే అంచులు రాలిపోతాయి, లేదా నొక్కే పంచ్‌కు అతుక్కుపోయి మాత్ర ముఖం మీద గుంటలు పడతాయి. షిఫ్టు మధ్యలో పంచ్‌లకు పొడి అంటుకుంటే మెషీన్ ఆపి, అన్నీ విప్పి తుడవాలి. ఆ రోజు ప్రొడక్షన్ వాళ్ళ మొహాలు చూడాలి! అందుకే పొడిని కలిపి పట్టి ఉంచే బైండర్ కలుపుతారు, స్టార్చ్ గానీ మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ గానీ. ఒకటి పిండిపదార్థం, ఇంకోటి శుద్ధిచేసిన మొక్కల పీచు. డైకి అతుక్కోకుండా జారడానికి మెగ్నీషియం స్టియరేట్ లేదా స్టియరిక్ యాసిడ్ కొద్దిగా వేస్తారు. నువ్వు వేసుకునే జ్వరం మాత్రల్లోనూ ఇవే ఉంటాయి. హాని ఏమీ లేదు. కంపెనీని బట్టి ఏది, ఎంత అనేది మారుతుంది, కొన్ని డబ్బాల మీద ఆ వివరమే ఉండదు. వివరం రాయని డబ్బా నేనైతే కొనను.

నీకు తూకం మిషన్ ఉంది కాబట్టి ఒక పని చెయ్యి. పది మాత్రలు కలిపి తూచి పదితో భాగించు. వచ్చిన బరువు 0.44 కంటే ఎక్కువుంటే ఆ పైదంతా పిండి. అంటే తూకంలో చూపించే మాత్ర బరువును మందు బరువు అనుకుని లెక్కవేస్తే మోసపోతావు. లేబుల్ మీద రాసిన లవణం బరువే లెక్క.

ఆ పిండి ఎలా ఉంటుందో కళ్ళతో చూడాలంటే ఒక మాత్రను రెండు చెంచాల మధ్య పెట్టి బాగా మెత్తగా నలుపు. గాజు గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు కొంచెం పోసి కలిపి, కాసేపు కదపకుండా పెట్టు. లవణం కరిగిపోతుంది, నీళ్ళు మాత్రం తేటగా ఉండవు. అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది, అది సెల్యులోజో స్టార్చో. పైన వెలుతురులో వంచి చూస్తే సన్నటి పొర తేలుతూ కనిపిస్తుంది, అది స్టియరేట్, నీళ్ళంటే పడదు దానికి. జాడీలో ఇది ఈస్ట్ మడ్డితో పాటే అడుగుకు చేరుతుంది, వడకట్టేటప్పుడు పోతుంది. సీసాల్లో నింపే రోజున వేస్తే మాత్రం తేటబడిన వైన్ మళ్ళీ మసకేస్తుంది. ఆ చివరి మోతాదుకు మాత్ర వద్దు, పొడి వాడు. గ్లాసులో ముక్కు పెట్టి వాసన మాత్రం చూడకు. అగ్గిపుల్ల అప్పుడే వెలిగించినప్పటి ఘాటు వస్తుంది, గొంతు పట్టేస్తుంది.

నీళ్ళలో వేయగానే బుసబుసమని పొంగే రకం కూడా ఉంది. అందులో పొటాషియం బైకార్బనేట్ కలుపుతారు. నలపాల్సిన పని లేదు, అదే కరుగుతుంది. సౌకర్యమే. కాకపోతే ఆ బైకార్బనేట్ పులుపును రవ్వంత తగ్గిస్తుంది. అసలే పులుపు చాలని పండుతో చేస్తుంటే ఆ సంగతి గుర్తుపెట్టుకో.

పులుపు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అందరూ వదిలేసేది ఇదే. సూక్ష్మజీవుల మీద పనిచేసేది వేసిన సల్ఫైట్ (ఈ లవణాన్నీ అదిచ్చే వాయువునూ కలిపి అలా అంటారు) మొత్తం కాదు. వేరే దేనికీ అతుక్కోకుండా విడిగా ఉన్న దాంట్లో సల్ఫర్ డయాక్సైడ్ అణువు రూపంలో మిగిలేది కొంచెమే, ఆ కొంచెం పీహెచ్‌ను బట్టి ఉంటుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 3.2 దగ్గర నాలుగు శాతం దాకా ఉంటే, 3.5 దగ్గర రెండు శాతమే, 3.8 దగ్గర ఒక శాతం. అంటే 3.2 దగ్గర లీటరుకు 21 మిల్లీగ్రాములతో అయ్యే పనికి 3.8 దగ్గర 80 దాకా కావాలి. పులుపు తక్కువున్న రసంలో మాత్రలు ఎన్ని గుప్పించినా లాభం లేకపోవడానికి కారణం ఇదే. ముందు పీహెచ్ చూడు, పులుపు సరిచేయి, తర్వాత మాత్ర డబ్బా మూత తియ్యి. కుళ్ళిన పండ్లు ఏరి పారేయడం కూడా ఇందులో భాగమే, కుళ్ళులో ఉండే పదార్థాలు సల్ఫైట్‌ను పట్టేసుకుని పని చేయనివ్వవు.

ఈ మాత్రలో లేనివి కూడా చెప్పాలి. పొటాషియం సార్బేట్ ఇందులో లేదు. తీపి వైన్ సీసాలో మళ్ళీ పులవకుండా ఆపేది సార్బేట్, సల్ఫైట్ ఒక్కటే ఆ పని చేయలేదు. వైన్ ఈస్ట్ మామూలు మోతాదు సల్ఫైట్‌ను తట్టుకుంటుంది. అయినా మాత్ర వేసిన వెంటనే ఈస్ట్ వేయకుండా ఒక రోజు ఆగమనేది ఘాటు కొంత తగ్గడానికే. సల్ఫా మందులు కూడా ఇందులో లేవు. సల్ఫా యాంటీబయాటిక్ పడనివాళ్ళకు సల్ఫైట్ కూడా పడదని చాలామంది అనుకుంటారు. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ రెండూ వేర్వేరు రసాయనాలు.

పొడి గురించి. సరిగ్గా 10 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ తూచి, నీళ్ళు కలిపి మొత్తం 100 మిల్లీలీటర్లు చెయ్యి. మిల్లీలీటరుకు 0.1 గ్రాము అన్నమాట. సిరంజితో 4.4 మిల్లీలీటర్లు తీస్తే మాత్రలో ఉన్నంత మందు, పిండి లేకుండా. సగం కావాలంటే సగం తీసుకో, మాత్రను కత్తితో సగం చేయడం కంటే ఎంతో నయం. ఆ ద్రావణాన్ని నెలల తరబడి దాచకు, బలం తగ్గిపోతుంది. మాత్రలైనా పొడైనా గాలీ తేమా తగిలితే మెల్లగా సల్ఫేట్‌గా మారిపోతాయి. చూడ్డానికి అలాగే తెల్లగా ఉంటాయి, తేడా కనపడదు. డబ్బా తెరిచిన తేదీ మూత మీద రాసిపెట్టు, వంటగది సింకు పక్కన పెట్టకు.

చివరగా నీ ఫ్రెండ్ గురించి. ఆ అమ్మాయికి ఆస్తమా ఉందన్నావు. ఆస్తమా ఉన్న అందరికీ కాదు గానీ కొందరికి సల్ఫైట్‌తో ఊపిరి పట్టేస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో 1986లో పచ్చిగా తినే పండ్లు, కూరగాయల మీద సల్ఫైట్ చల్లడాన్ని నిషేధించింది అందుకే. అక్కడ వైన్‌లో 10 పీపీఎం (అంటే లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు), అంతకంటే ఎక్కువ ఉంటే సీసా మీద రాయాల్సిందే. నువ్వు ఒక్క మాత్ర వేసినా దానికి ఎన్నో రెట్లు. అసలు మాత్రే వేయకపోయినా పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తాను కొంత తయారుచేస్తుంది కాబట్టి, "నేనేం కలపలేదు, నువ్వు తాగొచ్చు" అని ఆ అమ్మాయితో అనకు. డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. మాత్ర నలిపేటప్పుడు, పొడి తూచేటప్పుడు కూడా తను పక్కన లేకుండా చూసుకో, కిటికీ తెరిచిపెట్టు. ప్రతి సీసా మీదా ఏ లవణం, మొత్తం ఎన్ని గ్రాములు వేశావో రాసి అంటించు.

పీహెచ్ ఎంతొచ్చిందో చూసి రాత్రికి ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
నాన్న