మా అమ్మ జాడ తేల్చిన అక్కకు కృతజ్ఞతలు

దత్తత వెళ్లిన నాకు, నన్ను కన్న తల్లి ఎవరో నిన్న రాత్రి తేలింది. డీఎన్‌ఏ ఫలితంలో అమ్మకూ నాకూ ఉమ్మడి భాగం దాదాపు 3,400 సెంటీమోర్గాన్లు (ఇద్దరి మధ్య కలిసే డీఎన్‌ఏను కొలిచే ప్రమాణం) వచ్చింది. ఒకే పోలిక కవలలను మినహాయిస్తే, కన్నవారికీ బిడ్డలకూ మధ్య తప్ప సాధారణంగా అంత ఉమ్మడి భాగం ఉండదు. కళ్లు మండుతున్నాయి, అయినా ఈ నాలుగు మాటలు రాయనిదే నిద్ర పట్టదు.

దీనంతటికీ కారణమైన ఆవిడ నాకు ముక్కూమొహం తెలియని మనిషి. లక్షలాది మంది నమూనాలున్న డీఎన్‌ఏ పరీక్షల కంపెనీ డేటాబేస్‌లో నాకు దొరికిన దగ్గరి మ్యాచ్ (డీఎన్‌ఏ కలిసిన మనిషి) ఆవిడే, అదీ 90 సెంటీమోర్గాన్లే. అంటే బహుశా మా ముత్తాతల తల్లిదండ్రులు ఒకరే అయి ఉంటారు, అంతకు మించి ఏమీ చెప్పలేం. నా సందేశం అందిన రోజే ఆవిడ జవాబిచ్చారు: "వరస తర్వాత తేలుతుంది, అందాకా అక్కా అని పిలువు."

మా ఇద్దరికీ ఉమ్మడిగా మ్యాచ్ అయినవారి పేర్లన్నీ గళ్ల పుస్తకంలో రాసుకుని, ఒకరికొకరు చుట్టాలైనవారికి ఒకే రంగు పెన్సిలుతో గీత పెట్టి, ఏ రంగు ఏ శాఖకు పోతుందో వీడియో కాల్‌లో వేలు పెట్టి చూపించారు. దగ్గరి చుట్టాల మధ్య పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో ఈ అంకెలు పెరిగి దూరపు బంధువు దగ్గరివాడిలా కనిపిస్తాడని ముందే హెచ్చరించారు. ఒక తరం పైవారి నమూనా ఉంటే దారి తొందరగా దొరుకుతుందని, మంచం పట్టిన తమ బాబాయిని ఒప్పించారు. నోరెండిపోయి ఉమ్ము ఊరని ఆ పెద్దాయన పక్కనే కూర్చుని, గొట్టంలో గీత దాకా నిండేవరకు ఓపిక పట్టారు.

చివరికి అమ్మ ఎవరై ఉంటారో ఆవిడకు అర్థమయ్యాక నాకు పేరు చెప్పలేదు. ముందు అమ్మకే ఉత్తరం రాశారు. "తను ఒప్పుకున్నాకే నీకు చెబుతాను, తను కాదంటే నువ్వు నన్ను తిట్టుకున్నా సరే" అన్నారు. ఎన్నడూ చూడని మా అమ్మ మనసు గురించి అంత ఆలోచించిన మనిషి ముందు నాకు దుఃఖం ఆగలేదు.

నన్ను పెంచిన అమ్మానాన్నలకూ, ఇంట్లోవారికీ వేరే చెప్పనక్కర్లేదు.

కానీ ఒక బాధ దాచుకోలేను. నా దత్తత పత్రాలు ఒక కార్యాలయంలో భద్రంగా ఉన్నాయి, నాకు మాత్రం చూపించరు. ప్రైవేటు కంపెనీల డేటాబేస్‌లు ఒకదానితో ఒకటి పోల్చుకోవు కనుక ఒకే మనిషి అన్నిచోట్లా విడివిడిగా వెతుక్కోవాలి. సైనిక పాలనలో ఎత్తుకుపోయిన మనవలను వెతికే అమ్మమ్మలూ నానమ్మలూ పట్టుబట్టడంతో అర్జెంటీనా 1987లోనే జాతీయ జన్యు సమాచార నిధిని చట్టం ద్వారా ఏర్పాటు చేసింది. ఆ అన్వేషణలో 130 మందికి పైగా జాడ తెలిసింది. అలాంటి ఏర్పాటు మాకెందుకు ఉండకూడదు? అక్క లాంటివారు తారసపడనివారి గతేమిటి?

మొదటి నమూనా పాడైతే మళ్లీ కిట్ పంపిన ల్యాబ్ ఉద్యోగినికీ, పాత ఓటరు జాబితాలు తిరగేసి పెట్టిన మిత్రుడికీ ధన్యవాదాలు. అన్నట్టు, బాబాయిగారి మనవడిని మరిచాను: తాతగారి పేరున ఖాతా తెరిచి, ఆయన అనుమతి అడిగి మరీ ఫలితాలు నాకు కనిపించేలా చేసింది ఆ అబ్బాయే.