రోళ్లపాడులో గుడారాలు గడ్డిలో కాదు, ఊళ్లో వేయాలి

సంపాదకులకు,

నంద్యాల జిల్లా మిడ్తూరు మండలంలోని రోళ్లపాడుకు వెళ్లి ‘అడవేదీ?’ అని అడిగేవారు చాలామంది. పేరుకు అభయారణ్యమే గానీ అది గడ్డినేల. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అనే పెద్ద నేలపక్షి) కోసం 1988లో ఏర్పాటైంది. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 1,500 ఎకరాలు. చెట్లు లేకపోవడం అక్కడ లోపం కాదు. బట్టమేక నేలమీదే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే. పొదిగే పక్షికి నలుదిక్కులా చూపు ఆనాలి. చెట్టు నాటితే, గుడ్డు తన్నుకుపోయే కాకికి కొమ్మ వేసిచ్చినట్టే. దయచేసి అక్కడ మొక్కలు నాటే కార్యక్రమాలు పెట్టకండి. కొన్నేళ్లుగా బట్టమేక జాడే దాదాపు లేదు. మళ్లీ రావాలంటే ముందు ఆ నేల అలాగే మిగలాలి.

చూడ్డానికి ఇప్పటికీ ఎంతో ఉంది. కృష్ణజింకలు, తోడేళ్లు, గుంటనక్కలు ఉన్నాయి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి హారియర్ గద్దలు వస్తాయి. పగలంతా చేలమీద తిరిగి మిడతలను పట్టి, పొద్దుగూకే వేళకు గుంపుగా గడ్డిలోకి, నేలమీదకే దిగుతాయి. వాటిని చూడాలంటే సూర్యాస్తమయానికి గంట ముందే గట్టున కూర్చోవాలి. దిగాక టార్చి వేసినా, గడ్డిలోకి నడిచినా లేచిపోతాయి. చీకట్లో మళ్లీ చోటు వెతుక్కోలేక అవస్థ పడతాయి. గడ్డిలో రక్తపింజరి కూడా ఉంటుంది కాబట్టి పాదాలు కప్పే బూట్లు తప్పనిసరి. జింకపిల్ల ఒంటరిగా కనిపిస్తే తల్లి వదిలేసిందనుకుని ఎత్తుకోకండి. తల్లే దాన్ని అలా దాచి మేతకు వెళుతుంది.

బండి దారి దిగకూడదు. తడిసిన నల్లరేగడిలో చక్రం గాడి చేస్తుంది, ఎండితే అది రాయిలా గట్టిపడుతుంది. తరవాతి బండి దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది. అలా ప్రతి వానకూ దారి గడ్డిని తినేస్తూ పోతుంది.

గడ్డిలోనే గుడారాలు వేసి రాత్రి బస చేయడం అసలు సమస్య. డిసెంబరు నుంచి గడ్డి ఎండి ఉంటుంది, వంట పొయ్యి నుంచి ఒక్క నిప్పురవ్వ ఎగిరినా చాలు. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షన్ నిషేధించింది కూడా. పారేసిన అన్నానికి ఊరకుక్కలు చేరతాయి, అవే గుడ్లనూ జింకపిల్లలనూ తింటాయి. గుంటనక్కలకు రోగాలు అంటించేదీ అవే.

అందుకే అటవీశాఖను కోరేది ఒకటే. గుడారాలకూ భోజనాలకూ చుట్టుపక్కల ఊళ్లలోనే చోటివ్వండి. కంచె లోపల నడకదారి ఒక్కటి, అంచున ఒక మంచె చాలు. జింకలు చేలలో పడి పంట మేస్తే నష్టపోయేది ఆ ఊళ్ల రైతులే. బసకు వచ్చే డబ్బు వారికే అందాలి. పంట నష్టపరిహారం కూడా తరవాతి విత్తనాల నాటికి చేతికందాలి.

– గడ్డినేలల పరిరక్షణ కోరే పాఠకులు, కర్నూలు