టర్బో కార్లు, ఇథనాల్ పెట్రోలు: మా షెడ్డులో ఇకపై చేసే పని, చేయని పని

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి నుంచీ, సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచీ మా షెడ్డుకు కార్లు తెచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. టర్బో ఇంజను (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే ఏర్పాటున్న ఇంజను) ఉన్న కారును ఇథనాల్‌కు తగినట్టు మార్చి ఇవ్వమని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. విదేశాల్లో ఇ85 (నూటికి 85 పాళ్ళ దాకా ఇథనాల్ ఉండే ఇంధనం) పోసుకుని పవర్ పెంచుకుంటున్న కార్ల వీడియోలు చూసి కొందరు అడుగుతున్నారు. మన బంకుల్లో ఇప్పుడు పోస్తున్న ఇ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలు వల్ల తమ పాత కారు ఏమైపోతుందోనన్న దిగులుతో మరికొందరు అడుగుతున్నారు. ఈ రెండూ వేర్వేరు పనులు. మొదటి పనిని మేము చేపట్టడం లేదు. రెండో పని చేస్తాము, కానీ ఇకపై ఇంధన పంపు ఒకసారి, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు మరోసారి అన్నట్టు విడివిడిగా కాకుండా, ట్యాంకు నుంచి ఇంజెక్టరు దాకా ఒకేసారి చేస్తాము. ఎందుకలా నిర్ణయించామో, ఖర్చు ఎంతవుతుందో దాపరికం లేకుండా చెప్పడం మా బాధ్యత అనుకుని ఇది రాస్తున్నాను.

ముందుగా ఇ85 సంగతి. ఆ ఇంధనం మన చుట్టుపక్కల ఏ బంకులోనూ దొరకదు. 2021 జూన్‌లో పుణెలో మూడు బంకుల్లో ఇ100 (దాదాపు అంతా ఇథనాలే ఉండే ఇంధనం) అమ్మకం ప్రయోగాత్మకంగా మొదలైంది. 2024 మార్చిలో ఇండియన్ ఆయిల్ సంస్థ దాన్ని 183 బంకులకు విస్తరించినప్పుడు మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ, తమిళనాడు ఆ జాబితాలో ఉన్నాయి గానీ ఒడిశా లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. ఊళ్ళో దొరకని ఇంధనం కోసం లక్ష రూపాయలకు పైగా పెట్టించడం నాకు న్యాయంగా తోచలేదు. డ్రమ్ముల్లో స్పిరిట్ (ఇథనాల్) తెచ్చుకుంటాము, మీరు కలిపి ట్యూన్ చేయండి అని అడిగినవారికి నా జవాబు ఒక్కటే: ఆ పని మా షెడ్డులో జరగదు. స్పిరిట్ కొనాలన్నా, నిల్వ చేయాలన్నా ఎక్సైజ్ అనుమతులు ఉండాలి. పైగా ఆ డ్రమ్ములో నీరెంత ఉందో, తాగకుండా చేయడానికి ఏం కలిపారో తెలియకుండా ఎవరి ఇంజనులోనూ పోయలేము. ఆర్సీలో రాసి ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. రేపు ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయరు బానెట్ ఎత్తితే ఇబ్బంది పడేది మీరే.

ఇక ఇ20. దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి చేరింది, 2030 నాటికి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో గొట్టాలు, సీళ్ళు ఇ20ను తట్టుకునేలా ఉన్నాయి. మా దగ్గరకు వచ్చే లీనియా టీ-జెట్, అబార్త్ పుంటో, పాత పోలో జీటీ టీఎస్ఐ వంటివి అంతకు ముందు కాలానివి. వాటిలో ఇ20 పోసినంత మాత్రాన కారు రేపే ఆగిపోతుందని నేను అనను. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారు చాలా వరకు నడుస్తూనే ఉంటుంది, మైలేజీ కొంత తగ్గుతుంది. నాలుగు చక్రాల పాత బండ్లకు 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే ఒప్పుకుంది. అసలు ప్రమాదం రీమ్యాప్ చేయించి (ఇంజను కంప్యూటరులోని లెక్కలు మార్పించి) బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచుకున్న కార్లకు ఉంది, ఎందుకంటే వాటి పంపు, ఇంజెక్టర్లు ఇప్పటికే తమ శక్తి అంచున పనిచేస్తున్నాయి.

లెక్క చూడండి. లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే లీటరు ఇథనాల్‌లో ఉంటుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఒక కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే ఇంజను పీల్చే గాలి అంతే ఉన్నా ఇంధనం ఎక్కువ పోయాలి. టర్బో ఇంజను 200 హార్స్‌పవర్ ఇవ్వాలంటే ఫుల్ త్రాటిల్‌లో గంటకు సుమారు 70 లీటర్ల పెట్రోలు తాగుతుంది. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కొక్కటి నిమిషానికి 290 మిల్లీలీటర్లు చిమ్మాలి. ఇంజెక్టరును పూర్తికాలం తెరిచి ఉంచకూడదు, 80-85 శాతం దగ్గర ఆపాలి, కాబట్టి 350 మిల్లీలీటర్ల ఇంజెక్టరు పెట్టుకోవాలి. అదే పవర్‌కు ఇ20 అయితే 375, ఇ85 అయితే 470 నుంచి 490 దాకా కావాలి. చిన్న ఇంజెక్టరుతో నెట్టుకొస్తున్న కారు మామూలు వేగంలో బాగానే ఉంటుంది, ఆక్సిజన్ సెన్సారు చెప్పినదాన్ని బట్టి ఈసీయూ (ఇంజను కంప్యూటరు) సర్దుకుంటుంది. కానీ పాత ఈసీయూల్లో ఫుల్ త్రాటిల్ వేసినప్పుడు ఆ సర్దుబాటు ముందే నేర్చుకున్న అంకెలకే పరిమితమవుతుంది, దానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక ఇంధనం చాలక, మంట వేడెక్కి, పిస్టనుకూ వాల్వులకూ ముప్పు వస్తుంది.

ఇంజెక్టర్లు మార్చి ఊరుకుంటే ఎందుకు చాలదో కూడా చెప్పాలి. ప్రెషర్ రెగ్యులేటరు ట్యాంకులోనే ఉండి బూస్ట్‌తో సంబంధం లేకుండా పనిచేసే కార్లలో, రైలులో (ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టంలో) ప్రెషర్ 3 బార్ అయితే, మానిఫోల్డులో (ఇంజనులోకి గాలి వెళ్ళే దారిలో) 1 బార్ బూస్ట్ ఎదురు తోస్తున్నప్పుడు ఇంజెక్టరుకు నికరంగా మిగిలేది 2 బార్లే. అప్పుడు ఇంజెక్టరు పోసే ఇంధనం సుమారు 18 శాతం తగ్గిపోతుంది, అదీ ఇంజనుకు ఎక్కువ అవసరమైన క్షణంలో. అందుకే బూస్ట్ పెరిగిన కొద్దీ ప్రెషరు పెంచే రెగ్యులేటరు, మిగిలిన ఇంధనం ట్యాంకుకు తిరిగి వెళ్ళడానికి దానికి రిటర్న్ లైను వేస్తాము. అయితే ప్రెషరు పెరిగితే పంపు మీద భారం పెరిగి అది పంపే లీటర్లు తగ్గుతాయి. అట్ట మీద గంటకు 255 లీటర్లు అని రాసి ఉన్న పంపు 3 బార్ దగ్గర అంత ఇస్తుందేమో గానీ 4 బార్ దాటాక ఇవ్వదు. ఒకటి మారిస్తే మరొకటి కుంటుతుంది. మొత్తంగా చేస్తామని అనడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం వైరింగు. ఈ మధ్య ఒక లీనియా టీ-జెట్ వెనుక సీటు ఎత్తి, ఇంజను నడుస్తుండగా పంపు కనెక్టరు దగ్గర మల్టీమీటరు పెడితే 12.1 వోల్టులు చూపింది. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 13.9 ఉంది. కనెక్టరు విప్పితే ఒక పిన్ను గోధుమరంగుకు తిరిగి, దాని చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి వంగి ఉంది. ఓనరు అంతకు ముందే మరోచోట పెద్ద పంపు వేయించుకున్నారు, కానీ పాత సన్నని వైరు మీదే అది నడుస్తోంది. దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతుంటే ఏ పంపైనా తన సామర్థ్యం చూపించలేదు. మేము బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు వేసి రిలే పెడతాము, పాత వైరును రిలేకు సిగ్నల్‌గా మాత్రమే వాడుతాము. బండి ఢీకొన్నప్పుడు పంపును ఆపే స్విచ్ ఉన్న కార్లలో ఆ ఏర్పాటు అలాగే పనిచేయాలి కాబట్టి ఈ పద్ధతిని వదిలిపెట్టము. పంపును నేరుగా బ్యాటరీకి కలిపే పని చాలాచోట్ల చూస్తున్నాను. దయచేసి ఎవరి చేతా అలా చేయించుకోకండి.

గొట్టాల విషయంలో నేను ఎంత చెప్పినా తక్కువే. అదే కారు ట్యాంకులో పంపుకు తొడిగిన రబ్బరు గొట్టాన్ని నిలువునా కోసి ఓనరు చేతిలో పెట్టాము. గోరుతో నొక్కితే గుంట పడింది, పైపొర ఉబ్బి వేలికి నల్లగా అంటింది. అది బానెట్ కింద వేసే ఇంజెక్షను గొట్టం. దాని లోపలి పొర ఇంధనాన్ని తట్టుకుంటుంది గానీ బయటి పొర ఇంధనంలో మునిగి ఉండటానికి పనికిరాదు. ట్యాంకులో మునిగే చోట దానికోసమే చేసిన ఆర్10 రకం గొట్టం వేయాలి, ధర మామూలు గొట్టానికి ఎన్నో రెట్లు. బయటి లైన్లకు టెఫ్లాన్ లోపొర ఉన్నవి, ఓ-రింగులకు వైటన్ వాడుతున్నాము. మామూలు నైట్రైల్ రబ్బరు ఇథనాల్‌లో ఉబ్బి, ఎండాక గట్టిపడి పగుళ్ళిస్తుంది. ఇంధనం కారేది సాధారణంగా అప్పుడే. పూత లేని అల్యూమినియం రైలు, జింకు ఫిట్టింగులు కూడా తీసేస్తాము. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి తెస్తుంది కాబట్టి మార్చిన తర్వాత మొదటి ఫిల్టరును 500 కిలోమీటర్లకే తీసి చూస్తాము, అందుకు కూలీ తీసుకోము.

నీటి సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాలి. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి ఎలాంటిదో మీకు తెలుసు. ఉద్యోగానికి హైదరాబాదుకో సూరత్‌కో వెళ్ళి, కారును కవరు కప్పి నెలల తరబడి ఇంటి ముందు ఉంచేవారు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. నీరు హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి, పంపు మొదట పీల్చేది ఆ అడుగు పొరనే. అలా ఉంచేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచండి, మూత రబ్బరు పగిలి ఉంటే మార్పించండి. బంకులో పోసిన దాంట్లో ఇథనాల్ ఎంత ఉందన్న అనుమానం వస్తే షెడ్డుకు తెండి, మీ ఎదుటే చూపిస్తాము: 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 10 మిల్లీలీటర్ల నీరు పోసి, 100 గీత దాకా పెట్రోలు నింపి, బాగా కుదిపి నిలబెడితే ఇథనాల్ నీటితో కలిసి కిందికి దిగుతుంది. ఇ20 అయితే కింది పొర 28 గీతకు దగ్గరగా నిలుస్తుంది. పైసా ఖర్చు లేని పరీక్ష, మనసుకు ఎంతో నిమ్మళం.

టీఎస్ఐ, టీ-జీడీఐ కార్ల వారికి వేరుగా చెప్పాలి. వాటిలో ఇంధనం నేరుగా సిలిండరులోకి, 200 బార్లకు అటూ ఇటూ ప్రెషరుతో వెళుతుంది. క్యామ్‌షాఫ్ట్ నడిపే ఆ హై ప్రెషర్ పంపు చాలకపోతే ట్యాంకులో ఎంత పెద్ద పంపు పెట్టినా లాభం ఉండదు. పైగా పోర్టు ఇంజెక్షను కార్లతో (ఇంధనాన్ని సిలిండరు బయటే గాలి దారిలో చిమ్మేవాటితో) పోలిస్తే ఇంధనం చిమ్మడానికి దొరికే సమయమే తక్కువ, ఆ ఇంజెక్టర్లను పెద్దవిగా మార్చడం ఖరీదైన వ్యవహారం. కాబట్టి ఈ కార్లకు మేము లో ప్రెషర్ వైపు గొట్టాలు, వైరింగు, ఫిల్టరు సరిచేసి, హై ప్రెషర్ రైలు ప్రెషరు ఫుల్ లోడులో పడిపోతోందో లేదో లాగింగ్ చేసి (అంకెలు నమోదు చేసి) చూపించి, అక్కడితో ఆపుతాము. పడిపోతుంటే బూస్ట్ తగ్గించుకోవడమే నా సలహా. ఇది వినడానికి చాలామందికి నచ్చదని తెలుసు, అయినా ఇంకో మాట చెప్పలేను.

ఇథనాల్ వల్ల నిజమైన లాభం కూడా ఉంది. దాని ఆక్టేన్ 108 దాకా ఉంటుంది, ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే చాలా ఎక్కువ వేడిని లాగి సిలిండరులోకి వెళ్ళే గాలిని చల్లబరుస్తుంది, అందువల్ల నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజను కొట్టుకోవడం) వెనక్కి తగ్గుతుంది. స్పార్కు టైమింగు ముందుకు జరిపే ట్యూనింగు ఉంటేనే ఆ లాభం చక్రాలకు అందుతుంది. మా దగ్గర డైనో (కారును ఒకచోట నిలిపి నడిపి పవర్ కొలిచే యంత్రం) లేదు, తప్తపాణి ఘాటు రోడ్డు మీద ఫుల్ త్రాటిల్ కొట్టి ట్యూన్ చేసే పని నేను చేయను, మా కుర్రాళ్ళను చేయనివ్వను. పార్టులు బిగించి, లీకు పరీక్ష, ప్రెషర్ పరీక్ష చేసి ఇస్తాము. ట్యూనింగుకు హైదరాబాదులో డైనో ఉన్నచోటికి మీరు తీసుకెళ్ళాలి, అక్కడి ఖర్చు వేరు. కోరినవారికి ఇథనాల్ శాతాన్ని కొలిచే సెన్సారు కూడా లైనులో బిగిస్తాము. 50 నుంచి 150 హెర్ట్జ్ మధ్య సిగ్నల్ ఇచ్చే ఆ సెన్సారును ఈసీయూ చదవగలిగితేనే దానికి అర్థం ఉంది. లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఖర్చు విషయానికి వస్తే, కంపెనీ పవర్‌లోనే ఉన్న పోర్టు ఇంజెక్షను టర్బో కారుకు గొట్టాలు, ఓ-రింగులు, ఫిల్టరు, పంపు, వైరింగు కలిపి 35 నుంచి 45 వేలు అవుతుంది. బూస్ట్ పెంచిన కారుకు ఇంజెక్టర్లు, రెగ్యులేటరు, రిటర్న్ లైను కూడా చేరితే 90 వేల నుంచి లక్షా పది వేల దాకా వెళుతుంది. ఇందులో పంపు, ఇంజెక్టర్ల అసలు బిల్లులు మీ చేతికే ఇస్తాము, ఎందుకంటే పేరున్న పంపులకు నకిలీలు మార్కెట్లో విరివిగా తిరుగుతున్నాయి. సగం ధరకు ఆన్‌లైన్‌లో కొని తెచ్చిన పంపును బిగించమంటే ముందు ఫ్లో పరీక్ష పెడతాము, నిలబడకపోతే తిరిగి ఇచ్చేస్తాము. విడి భాగాలు బయటి నుంచి రావాలి కాబట్టి బుక్ చేసుకున్నాక మూడు వారాల దాకా పట్టవచ్చు. బండి మాత్రం మా దగ్గర నాలుగు రోజులకు మించి ఉండదు.

ఇ85 కిట్ కోసం ముందే అడ్వాన్సు కట్టిన కస్టమర్లకు ఆ మొత్తం ఏ కోతా లేకుండా తిరిగి ఇస్తున్నాము, ఇ20 పనికి మళ్ళించమంటే అలాగే జమ చేస్తాము. రేపు మన బంకులకు ఇంకా ఎక్కువ ఇథనాల్ ఉన్న పెట్రోలు వస్తే, ఇప్పుడు వేసే గొట్టాలు, వైరింగు మార్చాల్సిన అవసరం రాకుండా వాటిని ముందుచూపుతోనే ఎంచుకుంటున్నాము. పనికి బండి తెచ్చే రోజున ట్యాంకులో పావు వంతుకు మించి పెట్రోలు లేకుండా చూసుకోండి, ఇదివరకు రీమ్యాప్ చేయించి ఉంటే ఆ ఫైలు గానీ చేసినవారి వివరాలు గానీ వెంట తెండి.