మొదటి మంగలికత్తి గురించి బాపుకు, అమ్మకు

డ్యూసెల్‌డార్ఫ్,
ఆదివారం.

పూజ్యులైన బాపుకు, అమ్మకు నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతున్నది, దాని గురించి వ్రాయవలసినదేమీ లేదు. తమ్ముడు మంగలికత్తి కొంటానని పట్టుబడుతున్నాడనీ, వానికి ఆ బుద్ధి పుట్టించింది నేనేనని అమ్మ అన్నం సరిగా తినడం లేదనీ మీ ఉత్తరంలో చదివినప్పటి నుంచి నా మనసు ఇంటి మీదనే ఉన్నది.

అమ్మా, ముందు నీకే చెబుతున్నాను. ఇది నేను సోకు కోసం పట్టిన కత్తి కాదు. నాలుగైదు బ్లేడ్లున్న రేజరు వెంట్రుకను కొంచెం పైకి లాగి, చర్మం మట్టానికంటే లోపలికి కోస్తుంది. మన ఇంటి మగవాళ్లందరికీ ఉన్న ముతక వంకుల వెంట్రుక తిరిగి మొలిచేటప్పుడు బయటికి రాలేక చర్మంలోకే మళ్లి పొక్కు అవుతుంది. వీడియోలో నా గదువ కింద చూసి నువ్వు కంటతడి పెట్టుకున్న ఎర్రపొక్కులు అవే. ఒకే వాదర ఉన్న కత్తి చర్మం మట్టానికే కోస్తుంది కనుక ఇప్పుడు అవి చాలావరకు తగ్గిపోయాయి. గొంతు మీద కత్తి ఎట్లా పెట్టుకుంటున్నావని అడిగావు. మొదట్లో చెంపలు మాత్రమే కత్తితో గీసుకొని, గదువనూ గొంతునూ పాత రేజరుతోనే ముగించేవాణ్ణి. చేయి కుదిరిన తర్వాతనే కిందికి దిగాను. వేడినీళ్లతో గడ్డాన్ని మెత్తబరచి, రెండో చేత్తో చర్మాన్ని బిగలాగి పట్టి, కత్తిని సుమారు 30 డిగ్రీల వాలులో ఆనించి, వెంట్రుక మొలిచిన దిక్కుకే తేలికగా నడిపిస్తాను. కత్తి తన పొడవు వెంట పక్కకు జారితే చర్మం తెగుతుంది. అట్లా జారనివ్వకుండా ఎంత నిదానంగా ఉంటానో నువ్వు పక్కన నిలబడి చూస్తే నీ భయం పోయేది.

బాపూ, ఇక మీరు అడిగిన ఎంపిక సంగతి. ఈ కత్తి వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతులతో కొలుస్తారు, అంటే మిల్లులో మీరు జీవితమంతా చూసిన సూతుల లెక్కే. కొత్తగా పట్టేవానికి 5 సూతుల కత్తి మంచిది, 6 సూతులదైనా ఇబ్బంది లేదు. అంతకంటే వెడల్పైనది ముక్కు కింద తిరగదు, మరీ సన్ననిది నురుగును మోయలేక మాటిమాటికీ కడగమంటుంది. కొస తప్పక గుండ్రంగా ఉండాలి. చదరపు కొస మీసం అంచులు దిద్దడానికి బాగుంటుంది కానీ, అలవాటు లేని చేతిలో అది చెవి దగ్గర గుచ్చుకుంటుంది. కత్తి రెండు పక్కలనూ చక్రం మీద లోపలికి గుల్లగా అరగదీస్తారు. పూర్తిగా గుల్ల చేసిన రేకు పలుచనై, గీస్తుంటే సన్నగా మోగుతుంది, ముతక వెంట్రుక దగ్గర వంగుతుంది. మన గడ్డాలకు సగం గుల్ల చేసినదే నిలకడగా ఉంటుందని నాకు అనిపించింది.

ఉక్కు విషయంలో నేను తుప్పు పట్టే కర్బన ఉక్కునే ఎంచుకున్నాను. స్టెయిన్‌లెస్ తుప్పును ఆపుతుంది కానీ సాన మీద సులభంగా లొంగదు. కర్బన ఉక్కును గీసుకున్న వెంటనే తుడిచి, ఆరనిచ్చి, స్నానాల గదికి దూరంగా పెడితే చాలు. మన నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు కదా, ఆ ఉక్కు గొప్పతనమూ దండిగా ఉన్న కర్బనమే. ఇక్కడికి రైలులో దగ్గరగా ఉన్న సోలింగెన్ పట్టణం ఈ పనికి పేరుపడినది. ఆ పేరు అక్కడ తయారైన సరుకు మీదనే ఉండాలని 1938లోనే చట్టం చేశారు. ఆ పట్టణంలోనే గ్రేఫ్రాత్ అనే పేటలో ఉన్న కత్తుల మ్యూజియంలో తిరుగుతున్నంతసేపూ మీరు పక్కన ఉంటే ఏ కత్తి దగ్గర ఎంతసేపు నిలబడేవారో అనుకుంటూనే ఉన్నాను.

అయితే ఇవన్నీ ఒక ఎత్తు, వాదర ఒక్కటీ ఒక ఎత్తు. కొత్త కత్తి కార్ఖానా నుంచి వచ్చినట్టే ముఖానికి పనికివస్తుందని నమ్మకూడదు. అనుభవజ్ఞుడు సాన పట్టి, గడ్డానికి సిద్ధం చేసి ఇచ్చినదే కొనాలి. తమ్ముడు ఫోన్‌లో చూపిన మూడు వందల రూపాయల కత్తికి పిడి మెరుస్తున్నది, కానీ అంత తక్కువ ధరకు వచ్చే మెత్తని రేకు మీద వాదర నిలవదు, దాన్ని కొననివ్వకండి. కొమ్ము పిడి, నగిషీల మీద పెట్టే డబ్బు వాదరను సరిచేసే తోలు పట్టీ మీద పెట్టమనండి. ప్రతిసారీ గీసుకోబోయే ముందు కత్తిని వెన్ను ముందుగా, వాదర వెనుకగా దాని మీద నడపాలి, మళ్లించేటప్పుడు వెన్ను మీదనే తిప్పాలి. సాన రాయి మీద వెన్నూ వాదరా రెండూ ఒకేసారి ఆనుతాయి, కోణం దానంతటదే కుదురుతుంది. ఈ ఏర్పాటు మీకు నచ్చుతుందని నాకు తెలుసు. అందుకే వాడిన కత్తి కొంటే వెన్ను అంతటా సమానంగా అరిగిందా, వాదర దగ్గర తుప్పు గుంటలు గానీ సన్నని పగుళ్లు గానీ ఉన్నాయా, అద్దం పలక మీద పెడితే మెలిక లేకుండా ఆనుతున్నదా అని మీరే చూడాలి.

మీకు చక్కెర ఉన్నది, చిన్న గాటైనా త్వరగా మానదు, కనుక మీరు మాత్రం దీన్ని ముట్టవద్దని వేడుకుంటున్నాను. మన వాడకట్టు మంగలి తాత ప్రతి మనిషికీ కొత్త బ్లేడు ముక్క విరిచి పెడతాడు, మీకు అదే మేలు. తమ్ముని కత్తిని స్నేహితులెవరూ అడగకూడదు, రక్తం వల్ల అంటుకునే కామెర్ల వంటి రోగాలు ఒకరి కత్తి నుంచి ఇంకొకరికి వస్తాయి. పటిక ముక్క ఇంట్లో ఉంచండి.

వాణ్ణి దసరా దాకా ఆగమనండి. సిద్ధం చేసిన 5 సూతుల కత్తినీ పట్టీనీ నేనే తెస్తాను. విమానంలో చేతి సంచిలో రానివ్వరు కనుక పెద్ద పెట్టెలో పెడతాను. వాడు ఎడమచేతివాటం కదా అని మీరు సందేహించారు. ఈ కత్తి రెండు పక్కలా ఒక్కటే తీరు, ఏ చేతితోనైనా పడుతుంది.

అమ్మ మోకాలి మందు ఆపవద్దు.

మీ పెద్దకొడుకు.